ఆటోక్యాడ్ డ్రాయింగ్ నుంచి నేరుగా ఫెర్రుల్స్, కాంపోనెంట్ లేబుళ్లు ప్రింట్ కొట్టడం ఎలా?

జీడిమెట్ల_ప్యానెల్

అందరికీ నమస్తే. మాది జీడిమెట్లలో చిన్న ప్యానెల్ షాపు. ఎంసీసీలు (మోటార్ కంట్రోల్ ప్యానెళ్లు), పీఎల్‌సీ (మెషీన్లని నడిపే చిన్న కంప్యూటర్) ప్యానెళ్లు కడతాం. డ్రాయింగులన్నీ మామూలు ఆటోక్యాడ్‌లోనే గీస్తాం.

ఇప్పుడు జరిగేది ఏంటంటే, స్కీమ్ డ్రాయింగ్ (వైరింగ్ చూపే సర్క్యూట్ బొమ్మ) ప్రింట్ తీసి పక్కన పెట్టుకుని ఒక కుర్రాడు ఫెర్రుల్ (వైరు చివర తొడిగే నంబర్ ట్యూబ్) మెషీన్ ముందు కూర్చుంటాడు, ఒక్కో వైర్ నంబరూ దాని కీప్యాడ్ మీద కొడతాడు. ఓ మోస్తరు పీఎల్‌సీ ప్యానెల్‌కి ఐదారు వందల వైర్లు, ఒక్కోదానికి రెండు చివరలు, అంటే వెయ్యికి పైగా ఫెర్రుల్స్. ఇవి కాక కాంటాక్టర్లు (మోటార్లని ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌లు), ఎంసీబీలు, రిలేల మీద అతికించే స్టిక్కర్లు వేరే మెషీన్ మీద, టెర్మినళ్ల (వైర్లు బిగించే కనెక్టర్ల) నంబర్లు ఇంకోచోట. డ్రాయింగ్‌లో కస్టమర్ ఒక్క మార్పు చెప్పాడంటే మళ్లీ మొదటికి. మొన్న ఇన్‌స్పెక్షన్‌లో ఒక రిలే మీద ట్యాగ్ (దాని పేరు) ఒకటి, డ్రాయింగ్‌లో ఇంకోటి కనిపించేసరికి ఇన్‌స్పెక్టర్ ఇక ప్రతి వైరూ చెక్ చేయడం మొదలుపెట్టాడు, రోజంతా పోయింది.

కంప్యూటర్లో ఆల్రెడీ ఉన్న నంబర్లని మనిషి మళ్లీ టైప్ చేయడం ఏంటని నా బాధ. డ్రాయింగ్ నుంచి సీదా ప్రింటర్‌కి పోయే దారి ఉందా? ఎవరైనా చేస్తున్నారా? కొత్త సాఫ్ట్‌వేర్ కొనకుండా అయితే ఇంకా మంచిది.

లిస్ప్_మామ

దారి ఉంది, పాతదే. కానీ ముందు ఒకటి చెప్పు తమ్ముడూ. మీ డ్రాయింగ్‌లో కాంటాక్టర్ పక్కన ఉన్న ట్యాగ్ ఉత్త టెక్స్టా, లేక బ్లాక్‌లోని (ఒకే వస్తువుగా కట్టిన బొమ్మలోని) అట్రిబ్యూటా, అంటే దానికి తగిలించిన సమాచార గడా? దాని మీద డబుల్ క్లిక్ చేసి చూడు. అట్రిబ్యూట్ ఎడిటర్ తెరుచుకుంటే సగం పని అయిపోయినట్టే. టెక్స్ట్ ఎడిట్ మాత్రమే వస్తే అసలు పని అక్కడే ఉంది.

అట్రిబ్యూట్ అయితే డేటాఎక్స్‌ట్రాక్షన్ కమాండ్ కొట్టు. ఆటోక్యాడ్ 2008 నుంచి ఉంది అది. డ్రాయింగులన్నీ ఒకేసారి ఎంచుకోవచ్చు, ఏ బ్లాకులు కావాలో టిక్ పెట్టి, ఏ అట్రిబ్యూట్లు కావాలో టిక్ పెట్టి, చివర్లో సీఎస్వీ (కామాలతో విడగొట్టిన పట్టిక ఫైల్) గానీ ఎక్సెల్ గానీ బయటికి తీసుకోవచ్చు. ఒకసారి సెట్ చేసిన ఎంపికలు ఒక ఫైల్‌గా సేవ్ అవుతాయి, తర్వాతి ప్రాజెక్టుకి అదే వాడుకోవచ్చు. ఆ సీఎస్వీని లేబుల్ ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వడమే. ఆటోక్యాడ్ ఎల్‌టీ అనే చౌక వెర్షన్ అయితే మాత్రం ఈ కమాండ్ ఉండదు.

స్టుట్‌గార్ట్_తెలుగోడు

మేం ఇక్కడ ఈప్లాన్ అనే ఎలక్ట్రికల్ డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడతాం. అందులో లేబెలింగ్ అని ప్రత్యేకంగా రిపోర్టే ఉంది. ప్రాజెక్టులోని డివైజ్ ట్యాగులు, టెర్మినళ్లు, వైర్లు, కేబుళ్లు ఏది కావాలంటే అది టెంప్లేట్ ప్రకారం ఫైల్‌గా బయటికి వస్తుంది, దాన్ని ఫీనిక్స్ వాళ్ల ప్రాజెక్ట్ కంప్లీట్‌లోనో వైడ్‌ముల్లర్ వాళ్ల ఎం-ప్రింట్ ప్రోలోనో (రెండూ లేబుల్ సాఫ్ట్‌వేర్లే) ఇంపోర్ట్ చేస్తే మార్కర్ కార్డుల (చిన్న లేబుల్ ముక్కలుండే ప్లాస్టిక్ షీట్ల) మీద వాటంతటవే సర్దుకుంటాయి. మా దగ్గర డిజైనర్ ప్రాజెక్ట్ క్లోజ్ చేసేటప్పుడే లేబుల్ ఫైళ్లు కూడా షాప్‌ఫ్లోర్ ఫోల్డర్లో పడతాయి. నంబర్ టైప్ చేసే మనిషి అంటూ ఎవరూ లేరు.

ఇంకోటి, ట్యాగులు ఐఈసీ 81346 (పరికరాలకి పేర్లు పెట్టే అంతర్జాతీయ స్టాండర్డ్) ప్రకారం పెట్టండి. ఈక్వల్ గుర్తుతో ఫంక్షన్, ప్లస్‌తో లొకేషన్, మైనస్‌తో డివైజ్. అప్పుడు ఒకే ప్లాంట్‌లో పది ప్యానెళ్లున్నా ఏ కే1 ఎక్కడిదో గందరగోళం ఉండదు.

ఆటోనగర్_బెజవాడ

ఈప్లాన్ బాగుంటుంది బ్రదర్, కాదనట్లేదు. కానీ నెలకి మూడు నాలుగు ప్యానెళ్లు కట్టే షాపుకి ఆ లైసెన్సు, దాని మీద ఏటేటా కట్టేది, నేర్చుకున్న కుర్రాడు ఆర్నెల్లకి హైదరాబాద్ పారిపోవడం, ఇవన్నీ కలిపి లెక్కేస్తే ఫెర్రుల్ కొట్టే మనిషికి జీతం ఇవ్వడమే చౌక. చిన్నోళ్ల సంగతి చెప్పండి ఎవరైనా.

లిస్ప్_మామ

చిన్నోళ్లకే చెప్తున్నా వినండి. 2019 వెర్షన్ నుంచి మామూలు ఆటోక్యాడ్ సబ్‌స్క్రిప్షన్ ఉన్నవాళ్లకి ఎలక్ట్రికల్ టూల్‌సెట్ కూడా అందులోనే వస్తుంది. విడిగా కొనక్కర్లేదు. ఎల్‌టీకి రాదు, ఫుల్ వెర్షన్‌కే. చాలామందికి తెలీదు, డౌన్‌లోడ్ చేయకుండా వదిలేస్తారు. అందులో వైర్ నంబర్లు అదే వేస్తుంది, కాంపోనెంట్ ట్యాగులు అదే వేస్తుంది, ప్రాజెక్ట్ మొత్తానికి వెనకాల ఒక డేటాబేస్ ఫైల్ పెట్టుకుంటుంది, రిపోర్టుల్లో వైర్ లేబుల్స్ అని కూడా ఒకటి ఉంది. జీడిమెట్ల తమ్ముడూ, నీ అకౌంట్‌లోకి వెళ్లి చూసుకో ముందు.

జీడిమెట్ల_ప్యానెల్

మామా థాంక్స్. చూశాను, నిజంగానే ఉంది, రెండేళ్లుగా డబ్బు కడుతూనే ఉన్నాం, ఎవరూ చెప్పలేదు.

డబుల్ క్లిక్ సంగతి: కాంపోనెంట్లు చాలావరకు బ్లాకులే, ట్యాగ్ అట్రిబ్యూటే. కానీ వైర్ నంబర్లు మాత్రం గీత మీద పెట్టిన ఉత్త టెక్స్ట్. పైగా పాత డ్రాయింగుల్లో కొందరు బ్లాకుల్ని ఎక్స్‌ప్లోడ్ చేసేశారు, అంటే విడి గీతలుగా పగలగొట్టేశారు. ఇవన్నీ కొత్త టూల్‌సెట్‌లోకి మళ్లీ గీయాలంటే తలప్రాణం తోకకొస్తుంది. నడుస్తున్న ప్రాజెక్టులకి ఏదైనా అడ్డదారి?

లిస్ప్_మామ

ఉంది, కానీ దానికో పరిమితి ఉంది. డేటాఎక్స్‌ట్రాక్షన్ బ్లాకుల్నే కాదు, టెక్స్ట్‌ని కూడా తీస్తుంది. వైర్ నంబర్లన్నీ ఒకే లేయర్ మీద ఉంటే ఆ లేయర్ పేరుతో ఫిల్టర్ చేసి నంబర్ల జాబితా లాగొచ్చు. లేయర్లు కలగాపులగంగా ఉంటే టెక్స్ట్ ఎత్తుని బట్టి వేరు చేయొచ్చు, అందరూ వైర్ నంబర్‌కి ఒకే ఎత్తు వాడి ఉంటే.

పరిమితి ఏంటంటే, అలా వచ్చేది నంబర్ మాత్రమే. ఆ వైరు ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో టెక్స్ట్‌కి తెలీదు. 24 వోల్టుల ప్లస్‌నే తీసుకో. డ్రాయింగ్‌లో గీత మీద నంబర్ ఒక్కసారే రాసి ఉంటుంది, కానీ ప్యానెల్లో అది ఒక రిలే నుంచి ఇంకో రిలేకి, అక్కడినుంచి ఇంకోదానికి లూప్ అవుతూ పోతుంది. పది రిలేలు లూప్ అయితే తొమ్మిది వైర్లు, పద్దెనిమిది ఫెర్రుల్స్. టెక్స్ట్ జాబితా చూసి నంబర్‌కి రెండు చొప్పున ప్రింట్ కొడితే అక్కడ పదహారు తక్కువ పడతాయి. అందుకే ఇలా చాలా పాయింట్లకి పోయే కామన్ పొటెన్షియల్ నంబర్లని విడిగా తీసి, ఎన్ని పాయింట్లకి పోతున్నాయో చూసి కాపీలు పెంచాలి. ఎలక్ట్రికల్ టూల్‌సెట్‌లో అయితే ఫ్రమ్-టు రిపోర్ట్ (ఏ వైరు ఎక్కడినుంచి ఎక్కడికో చెప్పే పట్టిక) ఈ లెక్కంతా అదే చేస్తుంది.

ఇంకో మాట, లిస్ప్ (ఆటోక్యాడ్‌లో ప్రోగ్రాములు రాసే భాష) రాసుకునేవాళ్ల కోసం. డైనమిక్ బ్లాకులు (ఆకారం మార్చుకోగల బ్లాకులు) వాడుతుంటే పేరుతో వెతికితే దొరకవు. సాగదీసినా తిప్పినా ఆటోక్యాడ్ లోపల దానికి స్టార్ యూ అని మొదలయ్యే అనామకపు పేరు పెట్టేస్తుంది. ఎఫెక్టివ్ నేమ్ అనే ప్రాపర్టీ చదవాలి, అప్పుడే అసలు పేరు తెలుస్తుంది. లేకపోతే ప్యానెల్లో ఇరవై కాంటాక్టర్లు ఉంటే మీ జాబితాలో ఏడే వస్తాయి, మిగతావి ఎటు పోయాయో అర్థం కాదు.

కమిషనింగ్_అక్క

మీరంతా ప్రింటర్ దాకా ఎలా చేరాలో మాట్లాడుతున్నారు, నేను ప్యానెల్ సైట్‌కి వచ్చాక దాన్ని చదివే మనిషిని, కాబట్టి అటువైపు నుంచి నాలుగు మాటలు.

ట్యూబ్ మీద నంబర్ వైరు చుట్టూ తిరుగుతుంది. 66 తిరగబడితే 99, 16 తిరగబడితే 91. ఫెర్రుల్ ప్రింటర్లలో 6, 9 కింద గీత పెట్టే సెట్టింగ్ ఉంటుంది, దయచేసి ఆన్ చేయండి. అర్ధరాత్రి టార్చ్ పట్టుకుని చూసేవాళ్లకి ఆ గీత ఎంత ఊరటో చెప్పలేను.

రెండోది, చదివే దిక్కు. నిలువు వరసలో ఉన్న టెర్మినళ్లకి ఒక దిక్కు, అడ్డ వరసకి ఒక దిక్కు అని షాపులో ఒక్కసారి నిర్ణయించుకుని అదే పాటించండి. ఒక వైపు ఫెర్రుల్స్ తలకిందులుగా, ఇంకో వైపు సరిగా ఉంటే మెడలు పడిపోతాయి.

మూడోది క్రాస్ ఫెర్రులింగ్. పవర్ ప్లాంట్ టెండర్లలో చాలాసార్లు అడుగుతారు: ఈ చివర ఫెర్రుల్ మీద ఈ టెర్మినల్ నంబర్, అవతలి చివర టెర్మినల్ నంబర్ రెండూ ఉండాలి. అవతల చివర రెండూ తారుమారు అవుతాయి. చేత్తో టైప్ చేస్తే దీంట్లో తప్పు దొర్లకుండా ఉండటం కష్టం. అదే ఫ్రమ్-టు పట్టిక ఉంటే ఒక కాలమ్‌లో ఫ్రమ్ ముందు, ఇంకో కాలమ్‌లో టు ముందు పెట్టి కలిపేస్తే చాలు, కంప్యూటర్ తప్పు చేయదు. క్రాస్ ఫెర్రులింగ్ చేసే షాపు ఏదైనా ఆటోమేషన్‌కి పోవాల్సిందే అంటాను నేను, మిగతా వాళ్లు ఆలోచించుకోవచ్చు.

వైరింగ్_బెంచ్

అక్క చెప్పింది కరెక్ట్. నేను పదిహేనేళ్లుగా వైరింగే చేస్తున్నా, నన్నూ ఒక మాట చెప్పనివ్వండి. ఆఫీసులో కూర్చునే సార్లు లిస్ట్‌ని నంబర్ వరసలో ప్రింట్ ఇచ్చి బ్యాగులో పోసి పంపిస్తారు. 1, 1, 2, 2, 3, 3. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది. మేం వైరింగ్ నంబర్ వరసలో చేయం సార్. ఒక డివైజ్ దగ్గర నిలబడి దాని పాయింట్లన్నీ పూర్తి చేసి పక్క డివైజ్‌కి పోతాం. అప్పుడు ఆ వెయ్యి ఫెర్రుల్స్ కుప్పలోంచి ఒక్కోటి వెతుక్కోవాలి, ప్రింట్ చేయడంలో మిగిల్చిన టైమంతా ఇక్కడ పోతుంది.

డివైజ్ వరసలో ప్రింట్ ఇవ్వండి. కే1 ఏ1, కే1 ఏ2, కే1 13, 14, తర్వాత కే2. హాఫ్ కట్ (పూర్తిగా తెగని సగం కోత) పెడితే ఫెర్రుల్స్ ఒకదానికొకటి అంటుకుని దండలాగా వస్తాయి, నేను తుంచుకుంటూ తొడుక్కుంటూ పోతా. మధ్యలో ఒక ఖాళీ ముక్క మీద డివైజ్ పేరు వేస్తే ఇంకా బాగు, ఎక్కడున్నానో తెలుస్తుంది. ఫుల్ కట్ పెట్టి బ్యాగులో పోయకండి, దండం పెడతా.

పైథాన్_పంతులు

ఈ పోస్ట్ బంగారం. దీనికి జవాబు డ్రాయింగ్‌లోనే ఉంది. జీఏ డ్రాయింగ్, అంటే మౌంటింగ్ ప్లేట్ లేఅవుట్‌లో ప్రతి బ్లాక్‌కీ ఎక్స్, వై పొజిషన్లు ఉంటాయి, డేటాఎక్స్‌ట్రాక్షన్‌లో వాటినీ టిక్ పెట్టొచ్చు. వై విలువ పెద్దది నుంచి చిన్నదికి, ఆ తర్వాత ఎక్స్ చిన్నది నుంచి పెద్దదికి సార్ట్ చేస్తే పై రైల్ (డివైజ్‌లు బిగించే డిన్ రైల్ పట్టీ) ఎడమ నుంచి మొదలై కింది రైల్ కుడి వరకు డివైజ్‌ల వరస వచ్చేస్తుంది. స్కీమ్ నుంచి వచ్చిన ఫ్రమ్-టు పట్టికకి ఈ వరస అంటిస్తే మీరడిగిన దండ రెడీ.

చిన్న చిక్కు ఉంది. ఒకే రైల్ మీద ఉన్నా ఎంసీబీ బ్లాక్ ఇన్సర్షన్ పాయింట్ మధ్యలో, కాంటాక్టర్‌ది కింద మూలలో ఉంటే వై విలువలు కొన్ని మిల్లీమీటర్లు తేడా వస్తాయి, సార్ట్ చేస్తే ఒకే రైల్ రెండు రైల్స్ అయినట్టు విడిపోతుంది. నేను వై విలువని దగ్గర్లో ఉన్న డిన్ రైల్ ఎత్తుకి రౌండ్ చేస్తా, అప్పుడు కుదురుతుంది.

నేను ఆటోక్యాడ్ లేని మెషీన్ మీదే ఇదంతా చేస్తా. డ్రాయింగ్‌ని డీఎక్స్‌ఎఫ్‌గా (వేరే సాఫ్ట్‌వేర్లూ చదవగల డ్రాయింగ్ ఫార్మాట్) సేవ్ చేసి, పైథాన్‌లో ఈజెడ్‌డీఎక్స్‌ఎఫ్ అనే ఉచిత లైబ్రరీతో బ్లాకులు, అట్రిబ్యూట్లు, పొజిషన్లు చదువుతా. అది ఆటోక్యాడ్ సొంత ఫార్మాట్ డీడబ్ల్యూజీని నేరుగా చదవదు, డీఎక్స్‌ఎఫ్ కావాలి, అంతే. ప్రింట్‌కి పంపే ముందు అదే స్క్రిప్ట్‌లో డూప్లికేట్ ట్యాగులు ఉన్నాయా, ఖాళీ ట్యాగులు ఉన్నాయా, బీఓఎంలో (సామాన్ల జాబితాలో) కాంటాక్టర్ల సంఖ్య, లేబుళ్ల సంఖ్య సరిపోయాయా అని చూస్తా. ఈ చెకింగ్ లేకుండా ఆటోమేటిక్ ప్రింటింగ్ పెడితే చేసేదల్లా తప్పుల్ని వేగంగా ప్రింట్ కొట్టడమే.

ఆటోనగర్_బెజవాడ

సరే, సగం ఒప్పుకున్నాను. మావాడు డేటాఎక్స్‌ట్రాక్షన్ ట్రై చేశాడు, సీఎస్వీ వచ్చింది. దాన్ని స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి సేవ్ చేసి ప్రింటర్‌కి ఇస్తే స్టిక్కర్ల మీద వరసగా సున్నాలు వచ్చాయి. కొన్నిటి మీద తేదీలు వచ్చాయి! ఇదేం చోద్యం?

పైథాన్_పంతులు

హహ్హా, స్టుట్‌గార్ట్ అన్న సలహా పాటించినట్టున్నారు, ట్యాగ్ ముందు మైనస్ పెట్టారు కదా. సీఎస్వీని డబుల్ క్లిక్ చేసి తెరిస్తే స్ప్రెడ్‌షీట్ ప్రతి గడినీ తనకి తోచినట్టు అర్థం చేసుకుంటుంది. మైనస్ కే1 అని ఉంటే అది మీ కాంటాక్టర్ పేరని దానికేం తెలుసు, కే కాలమ్ మొదటి గడి విలువకి మైనస్ అనుకుంటుంది. ఆ గడి ఖాళీ, కాబట్టి సున్నా. ఈక్వల్‌తో మొదలయ్యే పూర్తి ట్యాగ్ ఇస్తే అది మొత్తం ఫార్ములానే. టెర్మినల్ 3-1 అని ఉంటే తేదీ అయిపోతుంది. వైర్ నంబర్ 1ఈ5 అని ఉంటే పదికి ఐదో ఘాతం అనుకుని లక్ష చేస్తుంది. 001 అని ఉంటే ముందు సున్నాలు ఎగిరిపోతాయి.

మందు ఒక్కటే. డబుల్ క్లిక్ చేసి తెరవకండి. ఖాళీ షీట్ తెరిచి, ఎక్సెల్‌లో అయితే డేటా మెనూలోంచి టెక్స్ట్ సీఎస్వీ ఇంపోర్ట్‌కి వెళ్లి, కాలమ్‌లన్నిటికీ టైప్ టెక్స్ట్ అని పెట్టి లోడ్ చేయండి. ఇంకా మంచిది, స్ప్రెడ్‌షీట్ అసలు మధ్యలో లేకుండా సీఎస్వీని నేరుగా లేబుల్ సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వండి.

స్టుట్‌గార్ట్_తెలుగోడు

నా మీద వేయకండి, మైనస్ పెట్టమన్నది స్టాండర్డ్ 🙂

ఒకటి అడగాలనుకున్నా, మీ షాపుల్లో కాంటాక్టర్‌కి ఇంకా కే అనే వాడుతున్నారా? 81346లో మెయిన్ పవర్‌ని తెరిచే మూసే కాంటాక్టర్‌కి క్యూ, సిగ్నల్ రిలేకి కే. పాత పద్ధతిలో రెండిటికీ కే ఉండేది.

జీడిమెట్ల_ప్యానెల్

కస్టమర్ ఏది అడిగితే అది అన్నా. కొందరు ఇంకా సీ1, సీ2 అంటారు. డ్రాయింగ్‌లో ఏముందో లేబుల్ మీద అదే ఉంటే చాలు నాకు.

టెర్మినల్_టీచర్

టెర్మినల్ స్ట్రిప్ గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను అక్కడే చేతులు కాల్చుకున్నవాళ్లని రోజూ చూస్తుంటాను, అందుకే రాస్తున్నా.

2.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల వైరు పట్టే) టెర్మినల్ వెడల్పు మామూలుగా 5.2 మిల్లీమీటర్లు, 4 స్క్వేర్‌ది 6.2. కేటలాగ్ చూసుకోండి, కంపెనీని బట్టి మారొచ్చు. ఖర్చు తగ్గుతుందని మార్కర్ కార్డుల బదులు పొడుగాటి అంటుకునే టేప్ మీద నంబర్లన్నీ వరసగా ప్రింట్ కొట్టి స్ట్రిప్ మొత్తానికి ఒకేసారి అతికిస్తారు. ప్రింట్‌లో పిచ్ (నంబర్‌కీ నంబర్‌కీ మధ్య దూరం) 5 మిల్లీమీటర్లు అని పెడతారు, 0.2 తేడా ఏం లెక్కలే అని. మొదటి పది టెర్మినళ్ల దగ్గర బాగానే కనిపిస్తుంది. యాభయ్యో టెర్మినల్‌కి వచ్చేసరికి ఆ తేడా 10 మిల్లీమీటర్లు, అంటే దాదాపు రెండు టెర్మినళ్లు జరిగిపోతుంది. 48 మీద 50 అని ఉంటుంది. ఇది లేబుల్ లేకపోవడం కంటే ప్రమాదం, ఎందుకంటే లేకపోతే మీటర్ పెట్టి చూస్తాం, ఉంటే నమ్మేస్తాం.

పిచ్ సరిగ్గా 5.2 పెట్టినా మధ్యలో ఎండ్ కవర్ వస్తే ఇంకో రెండు మిల్లీమీటర్లు, ఎర్త్ టెర్మినల్ సైజ్ వేరే అయితే ఇంకొంత. ఫ్యూజ్ టెర్మినల్స్ సరేసరి. అందుకే పట్టికలో టెర్మినల్ నంబర్ పక్కన దాని పార్ట్ నంబర్ కాలమ్ కూడా లాగండి, వెడల్పు దాన్నుంచి వస్తుంది. లేదంటే గొడవ లేకుండా టెర్మినల్‌లోకి క్లిప్ అయ్యే మార్కర్లు వాడండి, ఒక్కోటి దాని టెర్మినల్‌ని పట్టుకుని ఉంటుంది, జరగదు. ఐదు మిల్లీమీటర్ల వెడల్పులో మూడు అక్షరాలు హాయిగా పడతాయి, నాలుగు ఇరుకు, ఐదు అనుకోవద్దు. పొడుగు ట్యాగులు పెట్టేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, స్ట్రిప్ పేరు చివరి బ్రాకెట్ మీద ఒక్కసారి వేసి, టెర్మినళ్ల మీద నంబర్ మాత్రమే వేయండి.

జీడిమెట్ల_ప్యానెల్

టీచర్ గారూ, పార్ట్ నంబర్ కాలమ్ ఆలోచన మాకు తట్టనే లేదు. మా బ్లాకుల్లో పార్ట్ నంబర్ అట్రిబ్యూట్ ఉంది కానీ చాలావాటిలో ఖాళీ. నింపించాలి.

ఇంకో డౌట్. స్టిక్కర్లకి ఏ ప్రింటర్, ఏ మెటీరియల్ వాడుతున్నారు? ఇప్పటిదాకా లేజర్ ప్రింటర్లో ఏ4 స్టిక్కర్ షీట్ పెట్టి, కత్తెరతో కోసి అతికించాం. రాణిగంజ్‌లో అడిగితే ఒక్కో షాపువాడు ఒక్కోటి చెప్తున్నాడు.

కమిషనింగ్_అక్క

కాగితం స్టిక్కర్లు వద్దు. రెండు వర్షాకాలాలకి అంచులు లేస్తాయి. ముఖ్యంగా డైరెక్ట్ థర్మల్ పేపర్, అంటే రిబ్బన్ లేకుండా వేడితో నల్లబడే రకం, సూపర్ మార్కెట్ బిల్లు అదే కదా, దాన్ని ప్యానెల్లో పెట్టకండి. వీఎఫ్‌డీ (మోటార్ వేగం మార్చే డ్రైవ్) పక్కన వేడికి మొత్తం నల్లబడుతుంది, లేదంటే అక్షరాలు మాయమవుతాయి. థర్మల్ ట్రాన్స్‌ఫర్ ప్రింటర్, పాలియెస్టర్ లేబుల్, రెజిన్ రిబ్బన్. వ్యాక్స్ రిబ్బన్ చవక కానీ పాలియెస్టర్ మీద గోటితో గీకితే పోతుంది. తక్కువ పని అయితే బ్రదర్ టీజెడ్ఈ లామినేటెడ్ టేపులు కూడా బాగుంటాయి, వాళ్ల పీ-టచ్ ఎడిటర్ సీఎస్వీని డేటాబేస్‌గా కలుపుకుంటుంది, వందల లేబుళ్లు వరసగా కొడుతుంది. విడివిడిగా కొడితే ప్రతి లేబుల్ ముందు ఖాళీ టేప్ వృథా పోతుంది, చైన్ ప్రింటింగ్ పెట్టండి.

టెస్ట్ కావాలంటే ప్యానెళ్లకి సంబంధించిన ఐఈసీ 61439 స్టాండర్డ్‌లో ఉన్నదే చేసి చూడండి: నీళ్లలో తడిపిన గుడ్డతో 15 సెకన్లు, పెట్రోలియం స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో ఇంకో 15 సెకన్లు రుద్దాలి, తర్వాత కూడా చదవగలగాలి. చెక్కిన ప్లేట్లకి ఈ పరీక్ష అక్కర్లేదు. షాపువాడి ముందే రుద్ది చూపించమనండి, రకరకాల మాటలు ఆగిపోతాయి.

అతికించే చోటు గురించి కూడా. పీవీసీ ఛానల్ మూత మీద కాంపోనెంట్ పేరు అతికించే అలవాటు మానుకోండి. మెయింటెనెన్స్ వాళ్లు నాలుగు మూతలు తీసి, పని అయ్యాక ఏది చేతికొస్తే అది పెట్టేస్తారు. ఒక సైట్‌లో అలా మూతలు మారి, పక్క మోటార్ ఫీడర్ ఆఫ్ చేసి తమదే ఆఫ్ అయిందనుకున్నారు, మీటర్ పెట్టే అలవాటున్న ఎలక్ట్రీషియన్ కాబట్టి సరిపోయింది. లేబుల్ మౌంటింగ్ ప్లేట్ మీద ఒకటి, డివైజ్ మీద ఒకటి. డివైజ్ కాలిపోయి మార్చినా ప్లేట్ మీది పేరు ఉంటుంది. ప్రింట్ ఎలాగూ ఆటోమేటిక్ కాబట్టి కాపీలు రెండు అని పెట్టడమే, ఇందులో కష్టం ఏమీ లేదు.

ఆటోనగర్_బెజవాడ

డేంజర్ బోర్డుల సంగతి? మాకు డిస్కం, ఇరిగేషన్ పనుల్లో తెలుగులో కూడా ఉండాలంటారు. మావాడు డ్రాయింగ్‌లో తెలుగు టైప్ చేస్తే ప్రశ్నార్థకాలు వస్తున్నాయి, ప్రింటర్‌లో అయితే ఒత్తులన్నీ విడిపోయి పక్కన పడుతున్నాయి. చివరికి డీటీపీ షాపుకి పోయి కొట్టించుకొస్తున్నాం.

పైథాన్_పంతులు

రూల్ నిజమే, సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) భద్రతా నిబంధనల్లోనే హిందీ లేదా ఇంగ్లిష్‌తో పాటు జిల్లా స్థానిక భాషలోనూ ప్రమాద సూచిక ఉండాలని ఉంది.

ఆటోక్యాడ్‌లో ప్రశ్నార్థకాలకి కారణం ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్, అంటే తెలుగు అక్షరాలు లేని ఆటోక్యాడ్ సొంత ఫాంట్. టెక్స్ట్ స్టైల్‌ని గౌతమి లేదా నిర్మలా యూఐ లాంటి యూనికోడ్ ఫాంట్‌కి మార్చండి. డీటీపీ వాళ్లు అను ఫాంట్‌లో ఇచ్చిన మ్యాటర్ కాపీ చేసి పేస్ట్ చేయకండి, అది యూనికోడ్ కాదు, పిచ్చి గీతలు వస్తాయి. ప్రింటర్ వైపు, దాని లోపలి ఫాంట్లకి ప్రింటర్ భాషలో కమాండ్లు పంపితే ఒత్తులు, గుణింతాలు కలపడం రాదు. విండోస్ డ్రైవర్ ద్వారా ప్రింట్ ఇవ్వండి, లేదా తెలుగు భాగాన్ని బొమ్మగా మార్చి పంపండి. 203 డీపీఐ ప్రింటర్ అంటే మిల్లీమీటర్‌కి 8 చుక్కలు, చిన్న సైజులో ఇంగ్లిష్ చదవగలం గానీ ‘విద్యుత్’లో య ఒత్తు మూసుకుపోతుంది. చిన్న అక్షరాలు కావాలంటే 300 డీపీఐ తీసుకోండి.

జీడిమెట్ల_ప్యానెల్

అప్‌డేట్ ఇస్తున్నా, ఆలస్యానికి ఏమీ అనుకోకండి. కొత్త ప్రాజెక్ట్ ఒకటి ఎలక్ట్రికల్ టూల్‌సెట్‌లో గీశాం. మొదట్లో డిజైన్ మేడం గొణిగారు, మామూలు గీతలు గీసినట్టు చకచకా పోదని. ఫ్రమ్-టు రిపోర్ట్ తీసి, పంతులు గారు చెప్పినట్టు జీఏ పొజిషన్‌తో సార్ట్ చేసి ప్రింట్ ఇచ్చాం. ఫెర్రుల్ మెషీన్‌కి యూఎస్‌బీ పోర్ట్ ఉందని కొన్నప్పటినుంచీ తెలుసు, దానికి కేబుల్ ఇప్పుడే పెట్టాం. మధ్యాహ్నానికి మొత్తం దండలు రెడీ. మా వైర్‌మన్ అన్న దండ చూసి ఇది ఎవరు చెప్పారని అడిగితే మీ పోస్ట్ చూపించాను, వైరింగ్ బెంచ్ గారూ.

ఇప్పుడు కొత్త తలనొప్పి. వైరింగ్ సగంలో ఉండగా కస్టమర్ రివిజన్ పంపాడు. రెండు ఇంటర్‌లాక్‌లు (ఒకటి నడుస్తుంటే ఇంకోటి నడవకుండా ఆపే వైరింగ్) పెరిగాయి. ఆటో నంబరింగ్ మళ్లీ రన్ చేస్తే మొత్తం నంబర్లు జరిగిపోయాయి!

లిస్ప్_మామ

ఆగు ఆగు, సేవ్ చేయకు. పాత బ్యాకప్ తెరువు. వైరింగ్ మొదలయ్యే ముందు ఇచ్చిన నంబర్లని ఫిక్స్ చేసేయాలి. టూల్‌సెట్‌లో వైర్ నంబర్లకి ఫిక్స్ అనే ఆప్షన్ ఉంది, ట్యాగులకీ ఉంది. ఫిక్స్ చేశాక మళ్లీ రన్ చేస్తే కొత్త వైర్లకే నంబర్లు వేస్తుంది, పాతవాటిని ముట్టుకోదు. వరస మధ్యలో గ్యాపులు, చివర్లో పెద్ద నంబర్లు వస్తాయి, రానీ. నంబర్ అందంగా ఉండాల్సిన పని లేదు.

పైథాన్_పంతులు

దానికి తోడు, ప్రింట్ చేసిన ప్రతి సీఎస్వీనీ రివిజన్ నంబర్‌తో దాచుకోండి. కొత్త రివిజన్ సీఎస్వీ వచ్చాక రెండిటినీ పోల్చి మూడు జాబితాలు తీయండి: కొత్తగా వచ్చినవి, తీసేసినవి, అదే నంబర్ ఉండి చివర మారినవి. మొదటి, మూడో జాబితాలే ప్రింట్‌కి పోతాయి. రెండోది మాత్రం కాగితం మీద వైర్‌మన్ చేతికివ్వండి, ఎందుకంటే తీసేసిన వైరుని ప్యానెల్లోంచి పీకాల్సింది ఆయన, ప్రింటర్ కాదు. వరసలు మారినా పోల్చడానికి కుదిరేలా ఫ్రమ్, టు, నంబర్ మూడూ కలిపి ఒక కీగా (గుర్తింపుగా) పెట్టుకోండి, అదే నంబర్ కొత్తవాటిలోనూ తీసేసినవాటిలోనూ కనిపిస్తే అది మూడో జాబితాలోకి పోతుంది.

వైరింగ్_బెంచ్

ఆ మూడో జాబితా ఫెర్రుల్స్ వేరే రంగు ట్యూబ్‌లో, పసుపు అనుకోండి, కొట్టి ఇవ్వండి. తెల్లదాంట్లో తెల్లది కలిస్తే పాతది ఏదో కొత్తది ఏదో తెలీదు. పని అయ్యాక పసుపువి ఎన్ని వాడామో లెక్కపెడితే ఏదైనా మిగిలిపోయిందా అన్నదీ తెలిసిపోతుంది.

జీడిమెట్ల_ప్యానెల్

బ్యాకప్ ఉంది మామా, బతికిపోయాం. పసుపు ట్యూబ్ రేపు తెప్పిస్తా.

ఆఖరి ప్రశ్న. ఫీల్డ్ కేబుళ్ల (ప్యానెల్ బయట ప్లాంట్‌లోకి పోయే కేబుళ్ల) ట్యాగులు కూడా దీంట్లోనే కలపొచ్చా?

కమిషనింగ్_అక్క

కలపొద్దు. ఫీల్డ్ కేబుల్ ట్యాగులు ప్యానెల్ డ్రాయింగ్ నుంచి కాదు, కేబుల్ షెడ్యూల్ (కేబుళ్లన్నిటి పట్టిక) నుంచి రావాలి, అది చాలాసార్లు వేరే కాంట్రాక్టర్ చేతిలో ఉంటుంది, మీకు తెలీకుండా మారుతుంది. మీ గ్లాండ్ ప్లేట్ (కేబుళ్లు ప్యానెల్లోకి వచ్చే ప్లేట్) దగ్గర పడే లోపలి చివరకి షెడ్యూల్ తాజా రివిజన్ అడిగి తెప్పించుకుని విడిగా ప్రింట్ కొట్టండి. బయట ఎండలో ట్రే మీద ఉండేవాటికి ఈ పాలియెస్టర్ పనికిరాదు, స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యాగులు పంచ్ చేయించి స్టీల్ టైతో కట్టించండి. పంచింగ్ చేసేవాళ్లకి కూడా ఎక్సెల్ ఫైలే ఇవ్వండి, ప్రింటవుట్ కాదు. ప్రింటవుట్ ఇస్తే మళ్లీ అక్కడ ఒక కుర్రాడు కూర్చుని టైప్ చేస్తాడు.